జాన్ రాక్‌ఫెల్లర్ – జమ పుట, ఖర్చు పుట

మన తిరుమణి పొలిమేరలలో నేడు ఎటు చూచినను సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పలకలు బారులు తీరి కానవచ్చును. దాదాపు 13,000 ఎకరముల నేలపై 2,050 మెగావాట్ల శక్తిని పుట్టించు ఈ సౌరక్షేత్రము 2019 సంవత్సరాంతమునకు పూర్తి యయ్యెను. కాని మీ ఇండ్లలోని అవ్వతాతల నడిగి చూడుడు. వారి చిన్ననాట సందెవేళ గూటిలో వెలిగినది కిరసనాయిలు బుడ్డి. పలకపై అక్షరములు దిద్దినను, పెద్దబాలశిక్ష చదివినను ఆ మసిబారిన వెలుగులోనే. నూనె అయిపోయిన పిమ్మట ఖాళీ డబ్బా సైతము వృథా కాక, నీళ్లు మోయుటకు పనికివచ్చెడిది.

ఆ కిరసనాయిలును సముద్రములు దాటించి లోకమునందలి మారుమూల పల్లెలకు చేర్చిన వ్యాపారులలో అగ్రగణ్యుడు జాన్ డేవిసన్ రాక్‌ఫెల్లర్. దీపపు నూనెవలన కూడిన ధనముతో ఆయన ప్రపంచ ప్రజారోగ్యమునకై పాటుపడు గొప్ప ధర్మసంస్థను స్థాపించెను. ఆ సంస్థ వైద్యులు నాటి మన మైసూరు సంస్థానమునకును, సరిహద్దు కావలి మద్రాసు రాజధానికిని వచ్చి పనిచేసిరి. ఆయనను మహాదాతయని పొగడినవారు కలరు; పేదల నోరు కొట్టినవాడని దూషించినవారును కలరు. ఇరువురి మాటలందును సత్యమున్నది. కనుక ఆయన జీవితమును పొగడ్తగా గాక, లెక్కగా మీ ముందుంచదలచితిమి.

జాన్ 1839 జూలై 8వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున రిచ్‌ఫర్డ్ అను పల్లెయందు జన్మించెను. తండ్రి విలియం ఊరూర తిరిగి మందులమ్మువాడు. వైద్యము చదువకయే తనను వైద్యుడనుకొని, రాచపుండును సైతము మాన్పుదునని జనులను నమ్మించెడివాడు. మన తిరునాళ్లలో సర్వరోగ నివారిణి యని కేకలువైచి సీసాలమ్మువారిని చూచిన మీకు అట్టివాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నెలల తరబడి ఇల్లు విడిచి పోవుటయు, చేతినిండ రొక్కముతో హఠాత్తుగా తిరిగి వచ్చుటయు ఆయన అలవాటు. ఆ నడుమ అంగడిలో అప్పు పెట్టి సంసారము నీడ్చినది తల్లి ఎలైజా. ఆమె దైవభక్తి, పొదుపు గల ఇల్లాలు. సంపాదించిన దానిలో కొంత దైవకార్యమునకు ఇచ్చి తీరవలెనని బిడ్డలకు నేర్పెను. బూటకపు మందులమ్మినవాని కుమారుడే తరువాత శాస్త్రీయ వైద్యమునకు ఆశ్రయమిచ్చుట విధి విచిత్రము.

1853లో ఆ కుటుంబము ఒహైయో రాష్ట్రమునకు తరలిపోయెను. క్లీవ్‌లాండ్ నగరమున చదువు ముగించి, పదునారేండ్ల ప్రాయమున జాన్ ఉద్యోగమునకై వీధివీధి తిరిగెను. పని లేదన్న చోటికే మరల పోయి యడిగెను. వారముల తరబడి తిరిగిన పిమ్మట 1855 సెప్టెంబరు 26వ తేదీన ఒక వర్తకుల కొట్టులో లెక్కలు వ్రాయు చిన్న గుమాస్తాగా చేరెను. జీవితాంతము ఆ దినమును పండుగవలె జరుపుకొనెను. మొదటి మూడు నెలలకు ముట్టిన జీతము 50 డాలర్లు. అప్పుడే ఒక చిన్న పుస్తకము కొని, వచ్చిన ప్రతి కాసును, పోయిన ప్రతి కాసును అందు వ్రాయసాగెను. దానిని ‘ఎ’ ఖాతా యని పిలుచుకొని, కోటీశ్వరుడైన పిమ్మటను భద్రముగా దాచుకొనెను. తొలి యేటి జీతమున నూటికి ఆరు వంతుల ప్రాంతము దానధర్మములకు పోయినట్లు ఆ ఖాతా తెలుపుచున్నది. లేమిలోనే ఆయనకు ఇచ్చు అలవాటు కలిగెను.

1859లో పెన్సిల్వేనియా రాష్ట్రమున నేలను తొలిచి రాతినూనె తీసిరి. అంతకుముందు మంచి దీపము వెలిగించుటకు తిమింగిలపు నూనె కావలసియుండెను. దాని వెల సామాన్యులకు అందునది కాదు. రాతినూనెను శుద్ధిచేసినచో చౌకయైన దీపపు నూనె వచ్చును. జనులందరును నూనె బావులు త్రవ్వుటకు పరుగెత్తుచుండగా రాక్‌ఫెల్లర్ ఆ పందెమున దిగలేదు. బావిలో నూనె పడవచ్చును, పడకపోవచ్చును. శుద్ధిచేయు కర్మాగారమునకు మాత్రము ఎల్లరును రావలసినదే యని లెక్కకట్టి, 1863లో ఆ వ్యాపారమున ప్రవేశించెను. 1865లో పాత భాగస్థుల వంతును 72,500 డాలర్లకు వేలములో పాడి కొనెను. 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించెను. పదేండ్లు గడచునప్పటికి అమెరికాలో శుద్ధియగు నూనెలో పదింట తొమ్మిది పాళ్లు ఆ కంపెనీ చేతికి వచ్చెను.

ఈ విజయమునకు పొదుపును, శ్రద్ధయును కొంత కారణము. కారిపోవు చుక్కను సైతము కాపాడుటయు, పీపాలను తానే చేయించుకొనుటయు, పారవేయు మడ్డినుండి వేరు సరకులు తీయుటయు ఆయన పద్ధతులు. కాని ఖర్చు పుటలో వ్రాయవలసినదియు కలదు. తన సరకును రవాణాచేయు రైలు కంపెనీలతో ఆయన రహస్యపు టొడంబడికలు చేసికొనెను. ఇతరులు పూర్తి కిరాయి చెల్లించుచుండగా స్టాండర్డ్ ఆయిల్‌కు కిరాయిలో కొంత గుట్టుగా తిరిగి వచ్చెడిది. 1872లో కొలది వారములలో క్లీవ్‌లాండ్‌లోని 26 శుద్ధి కర్మాగారములలో 22 ఆయన వశమయ్యెను. వెల యిచ్చియే కొనెను. కాని అమ్మనిచో దివాలా తప్పదను భయము అమ్మినవారిని వెన్నాడెను. ఏండ్ల కష్టము గంటలో చేయి జారగా ఎన్ని కుటుంబములు కన్నీరు కార్చెనో ఆయన ఖాతా పుస్తకమున వ్రాయబడలేదు.

దానిని వ్రాసినది ఐడా టార్బెల్ అను పత్రికా రచయిత్రి. ఆమె తండ్రియు నూనె వ్యాపారముననే నష్టపోయినవాడు. ఆమె న్యాయస్థానపు పత్రములు, కంపెనీ కాగితములు ఓపికతో పరిశీలించి, స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను 1902 మొదలుకొని మాసపత్రికలో ప్రకటించెను. అది 1904లో గ్రంథమై వెలువడెను. దేశమంతయు మేలుకొనెను. 1911 మే 15వ తేదీన అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ కంపెనీ వాణిజ్యస్వేచ్ఛకు భంగము కలిగించినదని నిర్ణయించి, దానిని 34 కంపెనీలుగా విడదీయించెను. విచిత్రమేమనగా ఆ ముక్కల వాటాల వెల పెరిగి రాక్‌ఫెల్లర్ సంపద మరింత హెచ్చెను.

ఈ లోపల ఆయనకు మరియొక చిక్కు కలిగెను. దానమడుగు జాబులు మూటలుగా వచ్చిపడుచుండెను. ఎవరికి ఇచ్చుట పుణ్యము, ఎవరికి ఇచ్చుట వృథా యని తేల్చుటలో ఆరోగ్యము సైతము చెడెను. అప్పుడు ఫ్రెడరిక్ గేట్స్ అను క్రైస్తవ మతబోధకుని తన సలహాదారుగా నియమించుకొనెను. నేడు మీరు పేరు వినుచుండు గేట్స్ ఫౌండేషనుతో ఈయనకు సంబంధము లేదు. ఈ గేట్స్ సూటిగా మాటలాడు స్వభావము కలవాడు. పెరుగుచున్న ధనరాశిని పంచిపెట్టనిచో అది మంచుకొండవలె విరిగిపడి యజమానిని, వాని సంతతిని నలిపివేయునని ఆయన హెచ్చరించెను.

1897 వేసవిలో గేట్స్ ఒక వైద్యగ్రంథమును చదివెను. అది విలియం ఆస్లర్ అను మహావైద్యుడు వ్రాసిన వేయి పుటల పాఠ్యపుస్తకము. వైద్యుడు కాని గేట్స్ ప్రక్కన నిఘంటువు నుంచుకొని ఓపికతో చదివి ఆశ్చర్యపోయెను. రోగముల లక్షణములు పుటలకొలది యున్నవి. వానిలో నిజముగా కుదుర్చగల మందున్నవి మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. వేయి ఆసుపత్రులు కట్టినను రోగకారణము తెలియనిచో ఫలమేమని ఆయన యోచించెను. ఆ యోచనయే 1901లో న్యూయార్క్ నగరమున వైద్యపరిశోధనాలయమై రూపుదాల్చెను. ఆ సంవత్సరారంభముననే రాక్‌ఫెల్లర్ మనుమడొకడు, పసివాడు, స్కార్లెట్ జ్వరముతో మరణించెను. లోకమున మిక్కిలి సంపన్నులలో ఒకడైన తాతయు ఆ బిడ్డకు మందు కొనలేకపోయెను. కొనుటకు మందే లేకుండెను.

తరువాతి కథ కొంకిపురుగుది. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని పేద రైతులు పాలిపోయిన ముఖములతో, ఉబ్బిన కడుపులతో, పనిచేయు సత్తువలేక కూర్చుండెడివారు. వారు పుట్టు సోమరులని నగరవాసులు ఎగతాళి చేసిరి. అది సోమరితనము కాదు, రోగమని నిరూపించినవాడు చార్లెస్ స్టైల్స్ అను జంతుశాస్త్రజ్ఞుడు. ఈ రోగము వచ్చు విధము విద్యార్థులు తెలిసికొనదగినది. రోగి ఆరుబయట మలవిసర్జన చేసినచో అందలి పురుగు గ్రుడ్లు నేలలో చేరును. నీడయు తేమయు గల మన్నులో అవి పిల్లలై, ఉత్త కాళ్లతో నడచువారి పాదచర్మమును తొలుచుకొని లోనికి పోవును. నెత్తురుతో ఊపిరితిత్తులకు చేరి, గొంతువరకు ప్రాకి, మ్రింగబడి, చిన్న ప్రేగులను కరచిపట్టుకొని నెత్తురు పీల్చును. బిడ్డకు రక్తహీనత కలుగును. బడిలో కూర్చున్నను చదువు తలకెక్కదు.

1909లో రాక్‌ఫెల్లర్ ఈ పనికై పది లక్షల డాలర్లిచ్చెను. విక్లిఫ్ రోజ్ అను ఉపాధ్యాయుడు దానికి నాయకుడయ్యెను. పదునొకండు రాష్ట్రములలో పరీక్షలు జరుపగా నూటికి దాదాపు నలువదిమందికి ఈ పురుగు పట్టియున్నట్లు తేలెను. పల్లెల కూడలిలో సూక్ష్మదర్శినితో ఉచిత వైద్యశాలలు పెట్టిరి. జనులు సద్దిమూటలు కట్టుకొని జాతరకు వచ్చినట్లు బండ్లపై వచ్చి, అద్దములో పురుగు గ్రుడ్లను తమ కన్నులార చూచిరి. ఇచ్చిన మందు థైమాల్. అది వామునుండి తీయు సత్తు. ఆ వాము చాలవరకు మన దేశమునుండియే విదేశములకు పోయెడిది. మన తల్లుల పోపులపెట్టెలోని దినుసు సముద్రము దాటి ఒక ప్రచారోద్యమమునకు ఆయుధమైన విధమిది. రోజ్ ఒక నియమము పెట్టెను. ధర్మసంస్థ పని ప్రారంభించును. స్థానిక ప్రభుత్వము ఖర్చులో పాలుపంచుకొని, క్రమముగా ఆ పనిని తానే నడుపుకొనవలెను.

ఈ అనుభవముతో 1913 మే 14వ తేదీన రాక్‌ఫెల్లర్ ఫౌండేషను ఏర్పడెను. లోకమునందలి మానవులందరి క్షేమము దాని ఆశయము. దానికి పది కోట్ల డాలర్ల నిధి సమకూడెను. ప్రజలలో అపనమ్మకము మిక్కుటముగా నుండుటచే అమెరికా పార్లమెంటు అనుమతిపత్ర మీయలేదు. న్యూయార్క్ రాష్ట్రము ఇచ్చెను. మరుసటి యేడే ఆ అపనమ్మకమును బలపరచు ఘోరము జరిగెను. కొలరాడో రాష్ట్రమున రాక్‌ఫెల్లర్ కుటుంబపు ఆధిపత్యమున నున్న బొగ్గుగనుల కంపెనీలో కార్మికులు సమ్మె కట్టి, లడ్లో అను చోట గుడారములలో నివసించుచుండిరి. 1914 ఏప్రిల్ 20వ తేదీన సాయుధ దళములు ఆ గుడారములపై కాల్పులు జరిపెను, నిప్పంటుకొనెను. ఒక గుడారము క్రింది గోతిలో తలదాచుకొన్న ఇద్దరు స్త్రీలును పదునొకండుగురు పిల్లలును ఊపిరాడక మరణించిరి. లోకమునందలి బిడ్డల ఆరోగ్యమునకై నిధి పెట్టినవారి గనులలోనే కూలిబిడ్డలకు ఈ గతి పట్టెను. దీనిని దాచి ఆయన చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

ఇక మన సీమకు వత్తము. ఫౌండేషను వైద్యులు 1920 ప్రాంతమున మద్రాసు రాజధానిలో కొంకిపురుగు నిర్మూలన ప్రచారము ప్రారంభించిరి. మన సరిహద్దు కావలి మడకశిర నాడు ఆ రాజధానిలోనిదే. రాక్‌ఫెల్లర్ సాయముతో మద్రాసునకు వచ్చిన ఒక అమెరికా వైద్యుడు, భీమవరమున 1895లో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారికి పరిచయమై, ఆయన మనస్సును అమెరికా చదువువైపు మరల్చెను. మామగారు ధనము సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పడుదుమని మాట యిచ్చెను. 1922లో బోస్టను చేరిన సుబ్బారావుగారి నాయకత్వమున తరువాత బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైన్ అను మందు వెలువడెను. నేటికిని మన దేశమున బోదకాలు నిర్మూలనకు ఆ మాత్రయే పంచుచున్నారు. ఒక తెలుగు బిడ్డ ప్రయాణమునకు తెలుగు దాత మాటసాయమును, అమెరికా దాత పంపిన వైద్యుని ప్రోత్సాహమును రెండును తోడయ్యెను.

పావగడ తాలూకా నాడు మైసూరు సంస్థానములోనిది. ఆ ప్రభుత్వపు ఆహ్వానముపై వచ్చిన ఫౌండేషను వైద్యులు మలేరియాపై పరిశోధనలు చేసిరి. వారిలో స్వీట్ అను వైద్యుడును, మన దేశీయుడగు బి.ఎ. రావును కలిసి ఒక జాతి దోమలో రెండు తెగలున్నవని 1937లో ప్రకటించిరి. పల్లెలలోని తెగకు మైసూరు పేరే పెట్టిరి. 1930 దశాబ్దమున నేటి రామనగరమున ఒక గ్రామీణ ఆరోగ్యకేంద్రము నెలకొనెను. కలకత్తాలో ఫౌండేషను ధనముతో కట్టిన అఖిల భారత ఆరోగ్యశాస్త్ర సంస్థ 1932 డిసెంబరు 30వ తేదీన తెరువబడెను. 1952లో పూనాయందు ఫౌండేషను సాయముతో వైరస్ పరిశోధనాకేంద్రము ప్రారంభమయ్యెను. 1957లో షిమోగా జిల్లా అడవులలో కోతులు రాలి, మనుష్యులు జ్వరపడి మరణించుచుండగా, పిడుదులవలన వ్యాపించు ఆ వ్యాధిని కనిపెట్టినది ఆ కేంద్రమువారే. కన్నడమున దానిని మంగన కాయిలె యందురు.

ఫౌండేషను శాస్త్రజ్ఞులు ప్రాణములకు తెగించియు పనిచేసిరి. ఎల్లో ఫీవర్ అను పచ్చజ్వరమును పరిశోధించుచు జపాను దేశీయుడగు నొగూచి 1928లో ఆఫ్రికాయందలి అక్రా నగరమున ఆ జ్వరముతోనే మరణించెను. 1937లో మాక్స్ థైలర్ బృందము దానికి టీకాను సిద్ధపరచెను. 1951లో థైలర్‌కు నోబెల్ బహుమానము లభించెను.

అయినను కొంకిపురుగు లోకమునుండి తొలగలేదు. మందు మ్రింగినవారే మరల ఉత్త కాళ్లతో అదే మన్నులో నడచిరి. పురుగు మరల పట్టెను. మరుగుదొడ్డి, చెప్పులు, కడుపునిండ కూడు లేనిదే మాత్ర యొక్కటి చాలదని ఆ ఉద్యమము నేర్పినది. రోగమును వెదకిన ఆ సంస్థ రోగమునకు తావిచ్చు పేదరికమును చాలినంతగా వెదకలేదని విమర్శించినవారు కలరు. ఆ విమర్శ యథార్థమే. నేడు మీ బడిలో నమలుటకిచ్చు నులిపురుగుల మాత్ర ఆ పాత ఉద్యమపు కొనసాగింపే. చెప్పులును, మరుగుదొడ్డియు మాత్రము ఇంటివారి వంతు.

రాక్‌ఫెల్లర్ 1937 మే 23వ తేదీన, 97 ఏండ్లు నిండిన పిమ్మట, ఫ్లోరిడా రాష్ట్రమున మరణించెను. జీవితకాలమున ఆయన ఇచ్చినది దాదాపు 54 కోట్ల డాలర్లు. ఆయన నిధిని స్థాపించినను, దానిని ఎచట వెచ్చించవలెనో తెలిపినది గేట్స్. ఎట్లు వెచ్చించవలెనో చూపినది రోజ్. ఊరూర తిరిగి మన్ను త్రవ్వి, దోమలు పట్టి, పేరు లేక పోయినవారు అనేకులు. ఒక ధర్మసంస్థ అనగా వీరందరును.

జమ పుటలో నున్నది ఖర్చు పుటను తుడిచివేయదు. లడ్లో పిల్లలను ఏ టీకాయు తిరిగి తేలేదు. ఆ కారణమున టీకావలన బ్రతికిన బిడ్డలు అబద్ధమును కారు. రెండు పుటలను ఎదురెదురుగా నుంచి చదువుటయే న్యాయమని మేము తలచుచున్నాము.

ఆ ఖాతానుండి మన తాలూకాకు పనికివచ్చు పాఠ మొక్కటి కలదు. పావగడ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు మిక్కుటము. పండ్లు గారపట్టిన పిల్లలను, కీళ్లు బిగిసిన పెద్దలను మనము చూచుచున్నాము. నొప్పికి తైలము రాచుట ఒక పని. త్రాగు నీటిని మార్చుకొనుట మరియొక పని. వేయి పుటల గ్రంథము చదివి గేట్స్ తెలిసికొన్నది ఈ రెండవ పనియొక్క విలువనే. విద్యార్థులారా, మీరు ఇంట తెలుగును, అంగడిలోను కచేరీలోను కన్నడమును మాటలాడుచున్నారు. ఆరోగ్యశాఖవారి ప్రకటన కన్నడమున వచ్చును. అది అవ్వకు ఇంటి మాటలో చెప్పినప్పుడే చెవికెక్కును. ఏ బావి నీరు పరీక్షింపబడినది, ఏది త్రాగదగినది యని చదివి ఇంటివారికి తెలుపుడు. ధనము లేనివారును చేయగల దానమిది.